చీటీలో రాసిన లోయ

జూన్ 4, బుధవారం

పిన్నీ,

క్షేమంగా చేరాను. అమ్మకి విడిగా రాశాను కానీ ఆ ఉత్తరంలో జలగల సంగతి లేదు. నువ్వూ నోరు జారకు. నిన్న ఒక్కరోజే నా సాక్సుల్లోంచి పదకొండు తీశాను.

నాకిచ్చిన గది రైలుపెట్టెలా పొడుగ్గా ఉంది. ఒక చివర మంచం, ఇంకో చివర మొక్కలు ఆరబెట్టే ఇనప్పెట్టె. నా బట్టలూ దానిమీదే ఆరుతున్నాయి. ఇక్కడ సెల్లు పలకదు. రేంజి ఆఫీసుతో మాట్లాడ్డానికి వైర్‌లెస్ సెట్టుంది, దానికి బుద్ధి పుట్టినప్పుడు మాట్లాడుతుంది. గురువారం గురువారం సరుకుల జీపొస్తుంది, ఉత్తరాలన్నీ దాంట్లోనే. నాకు తోడుగా ఒక వాచర్ని ఇచ్చారు. యాభై దాటాయి, ఈ అడవిలోనే పుట్టి పెరిగాడు. అందరూ మీసాలాయన అంటారు. ఎందుకో చెప్పక్కర్లేదనుకుంటా.

ఇక నేను వచ్చిన పని. మీ హెర్బేరియంలో, ఆ ఎండు మొక్కల భండారంలో, మీరంతా ముద్దుగా పొరాకు అని పిలుచుకునే ఆ ఫెర్న్‌ని వెతికిపట్టుకోవాలి. ఇరవై ఏడేళ్ళ కిందట నువ్వు కోసుకొచ్చి, ఇది కొత్త జాతి అని అచ్చులో ప్రకటించావు. ఆ తర్వాత అది ఏ ఒక్కరి కంటా పడలేదు. లోకంలో ఉన్నదల్లా నువ్వు ఎండబెట్టి అట్ట మీద అతికించిన ఒక్క షీటు, దాని మూలన నువ్వు అతికించిన చీటీ. "లోయ అడుగున, జలపాతం తుంపర పడే బండ మీద." నాకు కంఠతా వచ్చు.

జలపాతానికి రెండు పక్కలా బండలే ఉన్నాయి పిన్నీ. ఎడమవైపా, కుడివైపా? నీళ్ళకి ఎంత ఎత్తులో? తాడు కట్టుకుని దిగావా, దారేదైనా ఉండేదా? గుర్తున్నదంతా రాయి. వానలు ముదిరేలోపు తేల్చేయాలి.

నీ పిచ్చుక

జూన్ 10

పిచ్చుకా,

నీ ఉత్తరం అందింది. అక్క ఎదురుగా కూచుని కుడుతుంటే జలగల దగ్గర నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాను. మిరియాల కషాయం తెచ్చి నా చేత తాగించింది. నీ మూలంగా.

మోకాలు ఎప్పటిలాగే ఉంది. మేడ మీది నా గదికి రోజుకి ఒక్కసారే ఎక్కుతున్నాను. అక్క ఎవరివో పెళ్ళి బట్టలు ఒప్పుకుంది, మిషను చప్పుడు ఆగడం లేదు.

నువ్వడిగినవి నిజంగా గుర్తులేవమ్మా. ఇరవై ఏడేళ్ళంటే మాటలా? అసలు అలాంటి సున్నితమైన మొక్క ఇన్నాళ్ళుంటుందా అని నా అనుమానం. దాని ఆకు మందం ఒక్క కణమే కదా. మామూలు ఆకులకుండే మైనపు పూత లేదు, శ్వాసరంధ్రాలు లేవు. తడిగుడ్డలా ఆకు ఆకంతా నీళ్ళు పీల్చుకుని బతుకుతుంది. రెండు వరస వేసవులు గట్టిగా కాస్తే చాలు, పోతుంది. పోయే ఉంటుంది.

అక్కడ ఇంకా ఎన్నో ఫెర్న్‌లున్నాయి. వాటి లెక్క రాసినా నీకు మంచి పేరే వస్తుంది. దీని వెంట పడి ఏడాది పాడుచేసుకోకు. కాళ్ళకి పొగాకు నీళ్ళు రాసుకో, జలగలు పట్టవు.

పిన్ని

జూన్ 25

పిన్నీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఇది నాకు అక్షరాభ్యాసం చేసిన పిన్ని రాసిందేనా అనిపించింది. ఎనిమిదో తరగతిలో నా వేలి మీద నాచుముక్క పెట్టి, భూతద్దం నా చేతికిచ్చి, కనపడలేదంటే చూడలేదనే అర్థం అన్నదెవరు? ఇప్పుడు పోయే ఉంటుంది అంటావా?

పోలేదు. విను. మొన్న లోయలోకి సగం దాకా దిగాం. బండల నెరియలో చెయ్యి పెడితే దూదిలాంటిది తగిలింది. పచ్చటి నూలుపోగుల కుచ్చు. నువ్వు చెప్పిన పాఠమే. ఫెర్న్‌కి రెండు బతుకులుంటాయి, ఆకు వెనక నుంచి రాలిన సిద్ధబీజం ముందు ఇలాంటి చిన్న పచ్చపోగో పొరో అవుతుంది, తడీ చీకటీ కుదిరితే దాన్నుంచి అసలు మొక్క లేస్తుంది, కుదరకపోతే ఏళ్ళ తరబడి అలా పోగులాగే ఉండిపోతుంది. ఇవి మన పొరాకు పోగులే అని నా మనసు చెబుతోంది. అంటే అసలు మొక్క ఇంకా కిందే ఎక్కడో ఉండాలి. పొడుగు తాడుకి కబురు పెట్టాను. జులై 15, మంగళవారం, అడుగుదాకా దిగుతాం.

ఇంకో మాట. ఈ అడవిలోంచి రోడ్డు వేస్తున్నారు. లోయ అంచు దగ్గరి దారి వాళ్ళకి చాలా దగ్గర. కానీ నీ చీటీ చూసి, అరుదైన మొక్క ఉన్న చోటని లోయని వదిలేశారు. ఇప్పుడు రోడ్డు కిందనున్న చిత్తడి అడవిలోంచి పోతుంది. మాను కట్టి చెట్టులా పెరిగే చెట్టు ఫెర్న్‌లు తప్ప అక్కడేమీ లేదట, రేంజరు అన్నాడు. నీ మూడు ముక్కల చీటీ ఒక లోయని కాపాడింది పిన్నీ. అయినా ఎవరికీ కనపడని మొక్క కోసం ఎన్నాళ్ళు ఆగుతామని ఇప్పుడు నసుగుతున్నారు. అందుకే నాకు ఆ మొక్క కావాలి.

కుడా, ఎడమా? ఆ ఒక్కటి చెప్పు చాలు.

పిచ్చుక

జులై 1

పిచ్చుకా,

నువ్వు ఆ లోయలోకి దిగడానికి వీల్లేదు. పెద్దదాన్ని, చెప్తున్నాను, విను. తొమ్మిదేళ్ళ కిందట ఇదే మొక్క కోసం ఒకాయన అక్కడికే దిగి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఈనాటికీ కర్ర లేకుండా నడవలేడు. వానాకాలంలో పైన ఎక్కడో కురిసిన వాన నీకు తెలిసేలోపు లోయలోకొచ్చేస్తుంది.

ఆ పోగులు దేనివైనా కావచ్చు. పోగుని చూసి జాతి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆ సంగతి నీకూ తెలుసు.

చిత్తడి అడవిలోంచి రోడ్డన్నావు, అది ఖాయమేనా? ఎప్పుడు మొదలు? చెట్టు ఫెర్న్‌లు ఎన్ని పోతాయి? ఆ సంగతి కనుక్కుని వెంటనే రాయి. లోయ సంగతి వదిలేయ్. ఎందుకని అడగొద్దు.

అక్కతో నువ్వు తాడు మీద వేలాడబోతున్నావని చెప్పలేదు. చెప్పే పరిస్థితి తేకు.

పిన్ని

జులై 10

పిన్నీ,

జీపు డ్రైవరు టీ తాగేలోపు రాసి ఇచ్చేయాలి, కాబట్టి పుల్ల విరిచినట్టే రాస్తున్నాను.

సోమవారం వైర్‌లెస్‌లో కబురొచ్చింది: "మీ పిన్నికి బాగాలేదు, లోయలోకి వెళ్ళొద్దంటున్నారు." సామాన్లు సర్దుకున్నాను. రేంజి ఆఫీసు వాళ్ళని బతిమాలి ఇంటికి ఫోన్ చేయిస్తే అమ్మ ఎత్తిందట. "మా చెల్లెలా? శుభ్రంగా ఉంది. ఇప్పుడే కూరగాయలబ్బాయితో బెండకాయల ముదురు గురించి పోట్లాడొచ్చింది" అందట. ఆ మాట వైర్‌లెస్‌లో నాకు చదివి వినిపించి గుమస్తా పకపకా నవ్వాడు.

జబ్బని అబద్ధమాడి నన్ను ఆపాలనుకుంటావా? నాకిప్పుడు అర్థమైంది. నీ భయం నా ప్రాణం గురించి కాదు. నేను ఆ మొక్కని తెస్తే పక్కపక్కన పెట్టి చూస్తారు, అది కొత్త జాతి కాదు, పాతదే ఏదో అని తేలుతుందేమోనని నీ భయం. నీ పేరు పోతుందని. ఒక్కమాట చెబితే పోయేదానికి ఇన్ని ఉత్తరాలు నీళ్ళు నమిలావు.

మంగళవారం దిగుతున్నాం. తాడు వచ్చేసింది.

పిచ్చుక

జులై 11, మధ్యాహ్నం

పిచ్చుకా, తల్లీ,

ఇది పోస్టులో వేస్తే 15 లోపు చేరదు. అందుకని అటువైపు వెళ్ళే బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. సోమవారం పొద్దున్నే అడవి గేటు దగ్గర ఇచ్చేస్తానన్నాడు. రేంజి ఆఫీసుకి మళ్ళీ ఫోన్ చేశాను, వైర్‌లెస్ సెట్టు పాడైందన్నారు. మొదటిసారి చేసినప్పుడే నిజం చెప్పుండాల్సింది. ఎవరో గుమస్తాకి ఆ మాట చెప్పడానికి నోరు రాక, బాగాలేదని చెప్పమన్నాను.

లోయలో పొరాకు లేదు. ఎప్పుడూ లేదు. దాన్ని కోసింది నేను కాదు. మీ నాన్న.

అప్పుడు బావ సర్వేయరు. ఆ నెలంతా చిత్తడి అడవి హద్దులు కొలిచే పని మీద ఉన్నాడు. చదివింది లెక్కలే గానీ, వెళ్ళిన ప్రతిచోటి నుంచీ నా కోసం ఏదో ఒక ఆకు పట్టుకొచ్చేవాడు. ఆసారి న్యూస్‌పేపరు మడతలో పెట్టి తెచ్చి, "మరదలు పిల్లా, ఇది చూడు, గాజుకాగితంలా ఉంది, అవతల వేలు కనపడుతోంది" అన్నాడు. "అక్కడ పెట్టు బావా, తర్వాత చూస్తా" అన్నాను. నాకు పరీక్షలూ, పర్మనెంటు పోస్టు హడావిడీ. బల్ల మీద పెట్టి వెళ్ళాడు. రెండు వారాలకి జ్వరమొచ్చింది. తొమ్మిదో రోజున పోయాడు. నీకప్పుడు నాలుగేళ్ళు.

ఆయన పోయిన నెలకి ఆ మడత విప్పాను. ఎండి నల్లగా ముడుచుకుపోయింది. నీళ్ళలో వేస్తే కళ్ళముందే ఆకులు విచ్చుకున్నాయి. అలాంటిది ఏ పుస్తకంలోనూ లేదు. ఎక్కడిదని అడుగుదామంటే మనిషి లేడు. ఆయన ఉన్న రోజుల్లో విప్పుంటే ఒక్క ప్రశ్నతో పోయేది. విప్పలేదన్న సంగతి అక్కకి చెప్పలేకపోయాను. తర్వాత ఇంటర్వ్యూలో, నువ్వు స్వయంగా సేకరించిందేమిటి అని అడిగారు. అంతకుముందు హెర్బేరియం వాళ్ళతో లోయ పైఅంచు దాకా ఒకసారి వెళ్ళాను, ఆ ప్రయాణంలో కోసిన మొక్కల నంబర్లలోనే దీనికీ ఒక నంబరు వేసి, ఇలాంటి ఆకు తుంపరలో బండ మీదే ఉంటుంది కదా అని ఊహించి రాసేశాను. మొక్క వేళ్ళకి నల్లటి గరుకు పీచు పట్టుకుని ఉంది. బండ మీది మొక్కకి ఆ పీచేమిటని ఎవరైనా అడుగుతారని శుభ్రంగా కడిగేశాను.

అది చెట్టు ఫెర్న్ మాను మీది పీచు. అప్పుడే తెలుసు నాకు.

మొదటి ఏడాది భయపడ్డాను. తర్వాత అలవాటైపోయింది. ఎవరో తుంటి విరగ్గొట్టుకున్నప్పుడు మాత్రం వారం రోజులు అన్నం సయించలేదు. అయినా నోరు విప్పలేదు. ఇప్పుడు నువ్వు.

దిగొద్దు. మిగతా తిట్లన్నీ వచ్చాక తిట్టు.

పిన్ని

జులై 18

పిన్నిగారికి,

మీ ఉత్తరం సోమవారమే గేటుకి చేరింది. గేటు దగ్గర సొరుగులో పెట్టి, గురువారం జీపులో పంపారు. వైర్‌లెస్ పాడై వేరే బండి రాక, ఆ జీపులోనే మీసాలాయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

మంగళవారం పదకొండింటికి అడుగుకి చేరాం. పైన ఎండగానే ఉంది. నేను బండ మీద ముక్కు ఆనించి వెతుకుతున్నాను. ఆయన ఉన్నట్టుండి "అమ్మా, ఆకులు చూడండి" అన్నాడు. నీళ్ళలో పచ్చి ఆకులు కొట్టుకొస్తున్నాయి. వెనకే నీళ్ళు ఎర్రబడ్డాయి. "ఎక్కండి, ఎక్కండి, సంచీ వదిలేయండి" అని నన్ను కింద నుంచి నెట్టాడు. నిలువెత్తు మీద ఒక అరుగులాంటి బండ ఉంది, నేనెక్కాను. ఆయన ఒక కాలు పెట్టేసరికి నీళ్ళతో పాటు బండరాయి దొర్లుకుంటూ వచ్చి రెండో కాలి మీంచి పోయింది. ఎముక విరిగిన చప్పుడు ఆ హోరులో కూడా వినపడింది.

ఆయన్ని చెయ్యి పట్టి పైకి లాగాను. ఏడు గంటలు ఆ అరుగు మీద ఉన్నాం. ఆయన కాలికి నా చున్నీ కట్టాను. మధ్యమధ్యలో నన్ను మాట్లాడించడానికి, "దొరికిందా అమ్మా మీ మొక్క?" అని అడిగేవాడు. కాలు విరిగినవాడు నాకు ధైర్యం చెప్పాడు. నీళ్ళు తగ్గాక పై నుంచి మనుషులొచ్చి లాగారు. నాకు భుజం బెణికింది, అంతే. ఆయన మళ్ళీ అడవిలో నడుస్తాడో లేదో డాక్టరు చెప్పలేనన్నాడు.

మీ ఉత్తరం చదివింది ఆ మర్నాడు కాదు, ఆ పైరోజున. ఆ కాలు విరిగింది నా పంతం వల్లా, మీ చీటీ వల్లా? నిన్నటి నుంచీ ఇదే ఆలోచన.

మీ బాధ గురించి ఇప్పుడు నన్నేమీ అడగొద్దు. రెండు పనులు చేయండి. జరిగింది జరిగినట్టు రోడ్డు కమిటీకి రాతపూర్వకంగా పంపండి. అమ్మకి చెప్పండి, నా నోటి నుంచి కాదు, మీ నోటి నుంచే వినాలి. సోమవారం నుంచి చిత్తడి అడవిలో చెట్లు కొట్టబోతున్నారు. రేపు పొద్దున నేను అక్కడికి వెళ్తున్నాను. జీపు నిన్ననే వెళ్ళిపోయింది, ఇది మన ఊరొస్తున్న మనిషి చేతికిస్తున్నాను.

ఇట్లు,
మీ అక్కగారి అమ్మాయి

జులై 23

పిచ్చుకకి,

గారు అని పిలిచావు. సరే.

రెండు పనులూ చేశాను. కమిటీకి రిజిస్టరు పోస్టులో పంపాను. హెర్బేరియంలో ఇప్పుడున్న డైరెక్టరుకి నేనే స్వయంగా వెళ్ళి చెప్పాను. ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్నవాడు. తలుపు వేసొచ్చి, "ఎందుకండీ మేడం, ఎవరికీ తెలియదు, ఇలా వదిలేయండి" అన్నాడు. "మా పిచ్చుకకి తెలుసు" అన్నాను. షీటు తెప్పించి, పాత చీటీ అలాగే ఉంచి, పక్కనే దిద్దుబాటు చీటీ రాసి అతికించాను. మొక్క శాస్త్రీయనామంలో లోయ అనే మాటే పెట్టాను నేను. పేరు నప్పలేదని మార్చడానికి నియమాలు ఒప్పుకోవు. ఆ అబద్ధం దాని పేరులో శాశ్వతంగా ఉండిపోతుంది.

అక్కకి ఆదివారం చెప్పాను. మిషను ఆపకుండా వింది. నేను ఆ మడత విప్పలేదన్న దగ్గర మాత్రం ఆపింది. "ఆయన జ్వరంలో రెండుసార్లు అడిగారు, మరదలు చూసిందా అని. చూసిందనే చెప్పాను" అంది. మళ్ళీ కుట్టుకోవడం మొదలెట్టింది. అప్పట్నుంచీ నాతో మాట లేదు. కంచం పెడుతుంది, మంచినీళ్ళు పెడుతుంది, వెళ్ళిపోతుంది.

ఆ చిత్తడి అడవిలో ముసలి చెట్టు ఫెర్న్‌లు చూడు. లేత మానుల మీద ఉండదు. మాను చుట్టూ వేళ్ళు దుప్పటిలా మందంగా అల్లుకుని, పిండితే నీళ్ళు కారేలా ఉండాలి. ఉత్తరం వైపు, మోకాలి ఎత్తు నుంచి నీ భుజం ఎత్తు లోపల. పొడి గాలిలో అది నల్లగా ముడుచుకుని చచ్చిన నాచులా కనిపిస్తుంది. అనుమానమొస్తే నీళ్ళు చల్లి పావుగంట ఆగు.

మీసాలాయన ఏ ఆసుపత్రిలో ఉన్నాడో రాయి.

పిన్ని

ఆగస్టు 6

పిన్నీ,

దొరికింది.

నీ ఉత్తరం రాకముందే, జులై 22న. చిత్తడి అడవిలో నడుం దాకా నీళ్ళు. అడుగు వేస్తే తొడదాకా బురదలోకి పోతుంది, రెండు చేతులతో కాలు లాక్కోవాలి. అవతల గట్టున రంపాలు మోగుతున్నాయి. చెట్టు ఫెర్న్‌లు గొడుగుల్లా వరసగా ఉన్నాయి. నలభై మూడు మానులు తడిమాను. నలభై నాలుగో దాని మీద, నల్లటి పీచులో, మొదట నేను చూడలేదు. నా ఊపిరి తగిలి ఏదో వణికింది. వెనక వేలు పెట్టాను. నా గోరు కనపడింది, గోటి కింద మట్టి కూడా.

అరిచానట. రంపాల వాళ్ళు పాము కాటేసిందనుకుని పరిగెత్తుకొచ్చారు. వాళ్ళ మేస్త్రీ ఆ ఆకు చూసి, "దీనికోసమా తల్లీ?" అని రంపం ఆపించాడు. మర్నాడు రేంజరు వచ్చి తన పూచీ మీద పని ఆపించాడు. అప్పటికే అరవై రెండు చెట్లు కొట్టేశారు. పడిన మానులు కూడా వెతికాను. తొమ్మిదింటి మీద పొరాకు ఉంది, ఎండిపోతోంది. నీళ్ళు చల్లుతూ కూచున్నాను. అలా చేస్తే లాభం లేదని తెలిసీ.

నిలబడి ఉన్నవాటిలో పంతొమ్మిది చెట్ల మీద ఉంది. లోకంలో ఇంకెక్కడా లేదు.

కమిటీ 19న వస్తోంది. నిన్నటిదాకా లోయలో ఉన్న మొక్క ఇవాళ ఊబిలోకి ఎలా వచ్చింది, రోడ్డు ఆపడానికి కట్టిన కథ కాదా అని కాంట్రాక్టరు మనుషులు గోల చేస్తున్నారు. నీ ఉత్తరం చాలదట. నువ్వే వచ్చి చెప్పాలట. చాలామంది ఉంటారు, మర్యాదగా అడగరు. రాగలవా?

మీసాలాయన కాలికి రాడ్డు వేశారు. నీ ఉత్తరం సంగతి ఆయనకి చెప్పాను. "ఆవిణ్ణి ఒకసారి రమ్మనండి" అన్నాడు. తిట్టడానికో, ఇంకెందుకో చెప్పలేదు.

నా కోపం పోలేదు. దాచడం నాకు చేతకాదు కాబట్టి చెప్తున్నాను. కానీ ఆ ఆకు వెనక వేలు పెట్టినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది నువ్వే. అది కూడా చెప్పాలి కదా.

పిచ్చుక

ఆగస్టు 22

పిచ్చుకా,

నిన్న సాయంత్రానికి నేనూ అక్కా ఇల్లు చేరాం. మోకాలు వాచింది, కాపడం పెట్టుకుంటున్నాను.

అక్కడ అందరి ముందూ మాట్లాడలేకపోయిన ముక్కలు ఇప్పుడు రాస్తున్నాను. "ఈ మొక్క మీరు సేకరించారా?" అని కమిటీలోని ఆ కళ్ళద్దాలాయన అడిగినప్పుడు, లేదు అని ఒక్కమాట అనడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. "అయితే ఇన్నాళ్ళూ ప్రభుత్వాన్ని మోసం చేశారన్నమాట" అన్నాడు. "అవునండీ" అన్నాను. వెనక ఎవరో నవ్వారు. నువ్వు నవ్వినవాడి వైపు తిరిగావు, అది చూశాను. రోడ్డు నాలుగొందల మీటర్లు పైకి జరుగుతుందని చెప్పి వాళ్ళు సంతకాలు చేస్తుంటే నాకు సంతోషం కలగలేదు. కూచోవాలనిపించింది, అంతే.

మీసాలాయన దగ్గరికి వెళ్ళొచ్చాం. నన్ను తిట్టలేదు. కాలు చూపించి, "ఇది నా కూతుళ్ళకి ఎలా చెప్పాలో మీరే చెప్పండి" అన్నాడు. అక్కడే ఉండి వాళ్ళిద్దరూ వచ్చేదాకా ఆగి, నా నోటితో నేనే చెప్పాను. పెద్దమ్మాయి లేచి బయటికి వెళ్ళిపోయింది. వచ్చే నెల మళ్ళీ వెళ్తాను. రమ్మని అనలేదు, వద్దనీ అనలేదు.

హెర్బేరియం నుంచి ఇకమీదట నన్ను రావద్దని చీటీ వచ్చింది. న్యాయమే. నువ్వు కొత్తగా రాయబోయే వ్యాసంలో మొదటి సేకర్తగా మీ నాన్న పూర్తి పేరు, హోదాతో సహా వేయి. స్పెల్లింగు అక్కని అడుగు, నన్ను కాదు.

అక్క సంగతి చెప్పి ముగిస్తాను. అక్కడ నువ్వు ఆమెని తెప్పలో కూచోబెట్టి ఆ చెట్టు దగ్గరికి తీసుకెళ్ళావు కదా, నేను గట్టు మీదే ఉండిపోయాను. ఆకు వెనక తన వేలు పెట్టి చూసుకోవడం అంత దూరం నుంచీ కనిపించింది. బస్సులో కిటికీ పక్కన కూచుంది. నాలుగు గంటలు ఒక్క మాట లేదు. నెల రోజులుగా లేదు, ఇప్పుడెందుకుంటుందిలే అనుకుని కళ్ళు మూసుకున్నాను.

ఉన్నట్టుండి నా మోచేయి తట్టి, "ఏమే," అంది. "ఆయన పొడగరి కదా. ఆ నీళ్ళు ఆయనకి ఎక్కడిదాకా వచ్చుంటాయంటావ్?"

"నడుముకి కొంచెం కిందకేమో అక్కా" అన్నాను.

"ఫరవాలేదైతే" అంది.

ఇంటికొచ్చేదాకా ఆయన గురించే చెబుతూ వచ్చింది.

పిన్ని